కిందింటి కర్ర చప్పుడు

అన్నిటికన్నా నేను ఎక్కువగా భయపడేది ఒక్కదానికే. పాపా నేనూ మాత్రమే ఇంట్లో ఉన్నప్పుడు నాకేదైనా అయి పడిపోతే, లోపల గడియ పెట్టిన గదిలో పాప ఒక్కతే నా పక్కన కూర్చుని ఉంటుందని, ఆ సంగతి ఎవరికీ తెలియదని.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి అమ్మ వంటగదిలో పడి ఉంది. పొద్దున్నెప్పుడో పడింది. మూడేళ్ళ తమ్ముడు అమ్మ చెయ్యి మీద తల పెట్టుకుని పడుకున్నాడు. పక్కన ఖాళీ గ్లాసు. "నీళ్ళు పోశానక్కా, లేవట్లేదు" అన్నాడు. గోడకి అవతల పక్కింటివాళ్ళు రోజంతా ఇంట్లోనే ఉన్నారు. వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళకేం వినబడలేదు. పడ్డ మనిషి చప్పుడు చెయ్యదు కదా. నా చదువు ఆ రోజుతో ఆగింది. రాతలో తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

మా ఆయన లారీ తోలతాడు. ఇరవై రోజులు రోడ్డు మీద, మూడు రోజులు ఇంట్లో. ఫోన్లో నా భయం చెబితే నవ్వేస్తాడు.

"రాయిలా ఉంటావు, నీకేమవుతుందే?"

"రాళ్ళు దొర్లిపోవా ఏంటి?"

"అయితే పాపని పట్టుకుని కూర్చో, దొర్లకుండా ఆపుతుంది."

ఆయనకి నవ్వులాట. నేను మాత్రం స్నానానికి వెళ్ళినా తలుపు ఓరగా తీసే ఉంచుతాను. మెట్లు దిగేటప్పుడు పదిహేడు మెట్లూ లెక్కపెడతాను. పాపకి ఇప్పుడు పధ్నాలుగు నెలలు. దానితో తప్ప రోజంతా ఎవరితోనూ మాట్లాడను కాబట్టి, సాయంత్రం కూరగాయల బండి అతను ధర చెప్పినా నేను "అబ్బో, అవునా తల్లీ" అని ముద్దుగా అనేసి తర్వాత సిగ్గుపడుతుంటాను.

మేం అద్దెకుండేది మేడ మీద ఒక గది, వంటగది. దిగిన మూడో నెలలో, పాప ఊయల తాడు కోసం అటక వెతుకుతుంటే గోనెసంచి చుట్టిన కుట్టుమిషను తల దొరికింది. నల్లటి ఒళ్ళు, దాని మీద బంగారు పూలు, సగం చెరిగిపోయి ఉన్నాయి. దాని ఇనప స్టాండు ఎక్కడుందా అని చూస్తే డాబా మీద పూలకుండీలు మోస్తోంది. ముందున్నవాళ్ళు వదిలేసి పోయారట. చక్రం తిప్పబోతే కదల్లేదు. ఊడనని మొండికేసిన పన్నులా గట్టిగా ఉంది. ఎందుకో తెలియదు, దాన్ని అలా వదిలెయ్యాలనిపించలేదు. చెయ్యడానికి ఇంకేం పని ఉంది కనక.

పాపని పెద్ద ప్లాస్టిక్ టబ్బులో బొమ్మలతో కూర్చోబెట్టి, కూరగాయల కత్తి మొనతోనే మరలు విప్పడం మొదలుపెట్టాను. విప్పినవి పదకొండు. కాసేపయ్యాక లెక్కపెడితే పది.

ఒక మర లేదు. పాప నోట్లో ఏదో నములుతోంది.

నోట్లో వేలు పెట్టి చూశాను. బిస్కెట్టు ముక్క. అంటే మర అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది అనుకున్నాను. పాపని చంకన వేసుకుని మెట్లు లెక్కపెట్టకుండా దిగాను. సరిగ్గా మా గది కింద వాటాలో ఒక పెద్దాయన ఒక్కరే ఉంటారు. ఒకప్పుడు బట్టల ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేసేవారట. వీధంతా మిషను తాతయ్య అంటారు. అప్పటిదాకా ఆయనతో ఒక్క మాటా మాట్లాడలేదు. తలుపు తీసే ఉంది. లోపల గోడవారగా పాత కుట్టుమిషన్లు వరసగా ఉన్నాయి, పెళ్ళిచూపులకి వచ్చిన చుట్టాల్లాగా.

"తాతయ్యగారూ, పాప మర మింగేసింది. కుట్టుమిషను మర."

ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి నన్ను చూశారు, పాపని కాదు.

"ఏ మర?"

"ఏ మరైతే ఏంటండీ!"

"ఏ మరో తెలిస్తే ఎంతుందో తెలుస్తుంది. చెయ్యి ఇటు తిప్పు."

తిప్పాను. మోచేతి దగ్గర, జిగురులాంటి పాత నూనెలో, ఆ మర అతుక్కుని ఉంది. ఆయన గోటితో తీసి నా అరచేతిలో పెట్టారు.

"మింగింది పాప కాదమ్మాయ్, నువ్వు. పాపం సూపర్‌వైజరు మీదకి నెడుతున్నావు" అన్నారు. పక్కన కూర్చుని నా పని చూస్తుంది కాబట్టి పాపకి ఆయన పెట్టిన పేరు అది.

గడప మీద కూలబడి ఏడ్చాను. పాప ఆయన మీసాన్ని చూసి నవ్వింది. ఆయన నన్ను ఓదార్చలేదు. లోపలికి వెళ్ళి ఒక సాసరు తెచ్చారు. దాని అడుగున పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం అతికించి ఉంది. "విప్పిన మర విప్పినట్టే ఇందులో పడాలి. చేతిలో పెట్టుకోకూడదు, నేల మీద పెట్టకూడదు. ముందు ఇది నేర్చుకో, తర్వాత ఏడుద్దువుగాని."

అలా మొదలైంది.

మా మిషను పట్టేయడానికి కారణం ఆయన వాసన చూసి చెప్పారు. ఎవరో మహాతల్లి మిషను ఆయిలు బదులు వంటనూనె పోసింది. ఏళ్ళు గడిచేసరికి అది లోపల బంకలా గట్టిపడిపోయింది. "దోసె పెనం అనుకుంది కాబోలు" అన్నారు. దానికి మందు కిరసనాయిలు, ఎండ, ఓపిక. ఇనుము ఇనుముని ఒరుసుకునే ప్రతిచోటా చుక్క వెయ్యాలి, ఎండలో పెట్టాలి, చక్రాన్ని బలవంతం చెయ్యకుండా అటూ ఇటూ నొక్కి చూడాలి. రోజూ ఇంతే. ఆయన ఆ మిషనుకి మూగది అని పేరు పెట్టారు. ఆయన దగ్గరున్న పదకొండింటికీ పేర్లున్నాయి. గడగడలాడేది అత్తగారు. ఎంత ఆయిలు పోసినా గీపెట్టేది ఆడపడుచు. దారం తెంపేది అల్లుడు.

"అన్నీ చుట్టాలేనా తాతయ్యా?"

"ఉన్న చుట్టాలు ఇవేనమ్మా. బతికున్నవాళ్ళలో మా చెల్లెలి కూతురు ఒకతి ఉంది. దాని పేరు పెట్టేంత మంచి మిషను ఇంకా దొరకలేదు."

పంతొమ్మిదో రోజు మా మూగది వెంట్రుకవాసి కదిలింది. ఆ కదలిక నా వేలికి తెలిసింది, కంటికి తెలియలేదు. పాపకి తొలి పన్ను వచ్చినప్పుడు కూడా అలాగే ముందు వేలికే తెలిసింది. ఎవరికైనా చెప్పాలని ఫోను తీస్తే మా ఆయన లైనులో లేడు. కిందకి పరిగెత్తాను.

స్టాండు మీద కుండీలు దించి, తుప్పు గీకి, కొత్త తోలు బెల్టు వేసి మా కిటికీ పక్కన నిలబెట్టాక తాతయ్య ఒక నియమం పెట్టారు. బాగుచేసిన పాత మిషనుని వదిలెయ్యకూడదు. ఆయిలు లోపలంతా పాకాలంటే రోజూ పావుగంట దారం లేకుండా, గుడ్డ లేకుండా ఉత్తినే తొక్కాలి. టైము తప్పకూడదు. పాప పదకొండింటికి నిద్రపోతుంది కాబట్టి పదకొండు అనుకున్నాం.

"నేను పైకి ఎక్కలేను, మోకాళ్ళు రానివ్వవు. కింద కుర్చీలో కూర్చుని వింటాను. చప్పుడులోనే అన్నీ తెలుస్తాయి. కర్రతో పైకప్పు మీద ఒకటి కొడితే ఆయిలు తక్కువని. రెండు కొడితే బెల్టు జారుతోందని. మూడు కొడితే ఆపెయ్యమని."

"బాగుంటేనో?"

"బాగుంటే ఏం కొట్టను. మెచ్చుకోవడానికి కర్ర ఎత్తే ఓపిక నాకెక్కడిది?"

ఇంకొకటి మరీ మరీ చెప్పారు. గుడ్డని నొక్కిపట్టే ఇనప పాదం ఉంటుంది కదా, గుడ్డ లేకుండా తొక్కేటప్పుడు దాన్ని ఎత్తి ఉంచాలి. దించితే కింద గుడ్డని లాగే ఇనప పళ్ళు దానికేసి రాసుకుని అరిగిపోతాయి. ఆ గరగర వింటే ఆయనకి ఒళ్ళు జలదరిస్తుందట. ఒకసారి మరిచిపోయి దించే తొక్కాను. కర్ర ఆగకుండా మోగింది. ఆ తర్వాత కిటికీలోంచి కేక. "పాదం ఎత్తమ్మా! పాదం!" వీధిలో పోయేవాళ్ళు తమనే అనుకుని కాళ్ళు చూసుకున్నారు.

అలా నాలుగు నెలలు. రోజూ కర్ర మోగేది. ఒకటి, లేదంటే రెండు. నాకు చిరాకొచ్చేది, మళ్ళీ హాయిగానూ ఉండేది. ఎందుకంటే నా భయం ఆ పావుగంటసేపు ఉండేది కాదు. నేను తొక్కుతున్నానని ఒకరికి తెలుసు. తొక్కకపోతే ఎందుకు తొక్కలేదని ఒకరు అడుగుతారు. ఈ మాట ఆయనతో అన్నాను కూడా. ఆయన ఆయిలు డబ్బా మూత బిగిస్తూ, "నాకూ అంతే అనుకో" అన్నారు. ఆ మాటని నేను ఆ రోజు సరిగ్గా వినలేదు. పాప సూదుల డబ్బా వైపు పాకుతోంది.

ఇక ఆ వారం సంగతి. సోమవారం రెండు కొట్టారు, బెల్టు బిగించాను. మంగళవారం ఒకటి కొట్టారు, ఆయిలు వేశాను. బుధవారం కర్ర మోగలేదు.

పావుగంటా తొక్కి, ఇంకో అయిదు నిమిషాలు తొక్కాను, నమ్మకం కుదరక. ఏమీ లేదు. నాకు నవ్వాగలేదు. నా మిషను బాగుంది. నాలుగు నెలలకి మొదటిసారి ఆయనకి వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

మధ్యాహ్నం మా ఆయన ఫోను చేస్తే చెప్పాను. "ఇవాళ తాతయ్య కర్ర ఎత్తలేదు!"

"అయితే పాసైపోయావన్నమాట. తొమ్మిదో తరగతి నుంచి డైరెక్టుగా డిగ్రీ."

"ఉండండి, రేపు కూడా చూడాలి."

గురువారం కూడా మోగలేదు. బయట ముసురు. పాపకి పళ్ళొస్తున్నాయేమో విరేచనాలు, ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది. గుక్కపట్టి ఏడుస్తోంది. కిందకి దిగలేదు. దిగి ఉంటే గొప్ప చెప్పుకోవడానికే దిగేదాన్ని. పాపకి కాస్త తగ్గాక చెప్పుకుందాంలే, ఎక్కడికి పోతారు అనుకున్నాను.

శుక్రవారం పదకొండింటికి కూర్చుని తొక్కుతుంటే బెల్టు టపటపలాడింది. ముసురుకి తోలు సాగింది. అది నాకే వినబడుతోంది. రెండు దెబ్బల కోసం చూశాను. రాలేదు. ఇంకా గట్టిగా తొక్కాను. టపటప, టపటప. కర్ర లేదు.

అప్పుడు చెయ్యి చాపి, ఆయన వద్దన్న పని చేశాను. పాదం దించాను. గుడ్డ లేకుండా, ఇనుము మీద ఇనుము, గరగర గరగర. పళ్ళు అరిగిపోతే అరిగిపోనీ అని తొక్కాను. గదంతా గీపెట్టింది. పాప ఉలిక్కిపడి లేచి ఏడ్చింది.

కింద నుంచి ఏమీ లేదు.

పాపని ఎత్తుకుని దిగాను. ఆయన తలుపు లోపల గడియ వేసి ఉంది. పిలిచాను. కిటికీ రెక్క తోసి చూశాను. కుర్చీ పక్కకి ఒరిగి ఉంది. అత్తగారు మిషను కింద, చెయ్యి అందనంత దూరంలో, కర్ర. వాటికి మధ్య నేల మీద ఆయన. కళ్ళు తెరిచి ఉన్నాయి.

ఎదురు కొట్టు అతనూ, ఇంకో ఇద్దరూ వచ్చి తలుపు గడియ ఊడగొట్టారు. నేను గడప దగ్గరే నిలబడిపోయాను, పాప మొహాన్ని నా భుజానికి అదుముకుని. వంటగదిలో అమ్మని చూసినప్పుడు కూడా గడప దగ్గరే నిలబడిపోయాను. ఈసారి లోపలికి వెళ్ళాను. పాపని కొట్టు అతని చేతికి ఇచ్చి వెళ్ళాను. పాపని ఇంకొకరి చేతికి ఇవ్వడం నాకు అదే మొదలు.

ఆయన పెదాలు ఎండి అట్టలు కట్టాయి. పక్కన నీళ్ళ సీసా ఖాళీగా దొర్లి ఉంది. చెవి దగ్గరగా పెట్టాను.

"పాదం..." అన్నారు. "పాదం ఎత్తమ్మా. పళ్ళు పోతాయి."

తుంటి ఎముక విరిగింది. బుధవారం పొద్దున్న, నా చప్పుడు వినడానికి కుర్చీ జరుపుకుంటూ పడ్డారు. ఆసుపత్రిలో మూడో రోజుకి మాట బాగా వచ్చాక అడిగాను, అడక్కుండా ఉండలేక.

"తాతయ్యా, నన్ను పిలిచారా?"

"పిలవకేం."

"ఎప్పుడు?"

ఆయన చెప్పడానికి ఇష్టపడలేదు. నేను వదల్లేదు.

"మిగతా అప్పుడు నువ్వు వంటగదిలో ఉంటావో, డాబా మీద ఉంటావో నాకేం తెలుస్తుంది? నువ్వు తొక్కేటప్పుడైతే నా నెత్తిన ఉన్నావని తెలుసు. అందుకని అప్పుడే పిలిచాను. ఓపికంతా దాచుకుని."

నా మిషను చప్పుడులో ఆయన కేక కలిసిపోయింది. బుధవారం ఇరవై నిమిషాలు తొక్కాను కదా, ఆ ఇరవై నిమిషాలూ ఆయన పిలుస్తూనే ఉన్నారు. నేను నవ్వుకుంటూ తొక్కాను.

తల పట్టుకుని కూర్చుంటే ఆయన మంచం పట్టీ మీద వేలితో తట్టారు. రెండుసార్లు.

"బెల్టు బిగించుకో అమ్మాయ్. ముసురుకి సాగింది. పడుకునే విన్నాను."

పదిహేను రోజుల తర్వాత ఆయన మేనకోడలు వచ్చి తమ ఊరికి తీసుకెళ్ళింది. మంచి మనిషే. ఉద్యోగస్తురాలు, ఇల్లు చిన్నది, మిషన్లు పట్టవంది. ఎనిమిది ఒక కుట్టు నేర్పే బడికి వెళ్ళాయి. మూడు నా గదిలోకి వచ్చాయి. అత్తగారు, ఆడపడుచు, అల్లుడు. మూగదానితో కలిపి నాలుగు. నడవడానికి చోటు లేదు. మా ఆయన వచ్చి చూసి, "నేను లేనప్పుడు నీకింత మంది చుట్టాలొచ్చారేంటే" అన్నాడు. ఆ తర్వాత నా మొహం చూశాడు. ఆ మూడు రోజులూ తనే బెల్టులు బిగించాడు. నాలుగో రోజు లారీ ఎక్కాడు.

తాతయ్యకి సొంత ఫోను లేదు. మేనకోడలి ఫోను ఆమెతోపాటే ఆఫీసుకి వెళ్తుంది. అందుకని ఆదివారం ఒక్కరోజే. పదకొండింటికి ఫోను మిషను పక్కన పెట్టి తొక్కుతాను. ఆయన అక్కడ చెంచాతో కొడతారు. బాగున్నా ఒకటి కొట్టాలని కొత్త నియమం నేను పెట్టాను. "ముసలివాడికి పని పెంచావు" అంటారు, కొడతారు. మొన్న ఆదివారం ఫోను ఎత్తడం ఆలస్యమైతే, ఆ అయిదు నిమిషాల్లో ఎదురు కొట్టు అతని దగ్గర ఆ ఊరి బస్సుల టైములు కనుక్కున్నాను.

ఆదివారం ఆయన వింటారు. మిగతా ఆరు రోజులూ నేనూ పాపా, నాలుగు మిషన్లు. తొక్కుతూ అలవాటుగా చెవి కిందకే వేసి ఉంచుతాను. కింద ఏ చప్పుడూ ఉండదు.

మొన్న కిందింట్లోకి కొత్తవాళ్ళు దిగారు. మొగుడూ పెళ్ళామూ. ఆవిడ మెట్ల దగ్గర కనబడి, "రోజూ పదకొండింటికి పైన ఆ చప్పుడేంటండీ?" అంది. "మిషనండీ. ఇబ్బందిగా ఉందా?" అన్నాను. "అబ్బే, ఊరికే అడిగాను" అని లోపలికి వెళ్ళిపోయింది. నాకు చెప్పాలని ఎంతో ఉంది. నోరు రాలేదు. అందుకే ఇదంతా రాశాను. ముందు ఆవిడకే ఇస్తాను. తర్వాత ఎవరు చదివితే వాళ్ళకి.

మీరు ఎవరైనా సరే, మాకు కిందో పక్కనో ఉండేవాళ్ళైతే ఒక్క పని చేసిపెట్టండి. పదకొండింటికి పైన మిషను చప్పుడు రాకపోతే, హమ్మయ్య, ఇవాళ్టికి గోల తప్పింది అనుకోకండి. పైకి రండి. మెట్లు పదిహేడు, తొమ్మిదోది కొంచెం విరిగి ఉంది, చూసుకుని ఎక్కండి. లోపల గడియ పెట్టడం మానేశాను, తోస్తే వస్తుంది. నా సంగతి తర్వాత చూడొచ్చు, ముందు పాపని చూడండి. కిటికీ పక్కన నీలం టబ్బులో ఉంటుంది. కొత్తవాళ్ళని చూస్తే ఏడుస్తుంది. సూపర్‌వైజరూ అని పిలవండి, ఊరుకుంటుంది.